గ్యాస్ సెన్సర్ స్పందన కాలం: డేటా షీట్‌లోని అంకె నుంచి అలారం మోగే క్షణం దాకా

గ్యాస్ డిటెక్టర్‌ను ఎంచుకునేవారు కొలిచే పరిధినీ కచ్చితత్వాన్నీ పట్టి పట్టి చూస్తారు. డేటా షీట్‌లో ఓ మూల "టి90: 30 సెకన్లలోపు" అని ఉన్న వరుసను మాత్రం ఒకసారి చూసి వదిలేస్తారు. చాలామంది దాని అర్థాన్ని "గ్యాస్ లీకైతే 30 సెకన్లలో అలారం మోగుతుంది" అని తీసుకుంటారు. ఆ వాక్యంలో నిజం చాలా తక్కువ. ఒక్కోసారి అలారం రెండు సెకన్లలోపే మోగుతుంది, ఒక్కోసారి రెండు నిమిషాలైనా మోగదు. రెండు సందర్భాల్లోనూ సెన్సర్ డేటా షీట్ ప్రకారమే పనిచేస్తూ ఉండవచ్చు.

ఈ తేడాకు ప్రాణాలతో సంబంధం ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత 700 నుంచి 1000 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో అన్ని భాగాల గ్యాస్) ఉన్న చోట మనిషి ఒకటి రెండు శ్వాసలకే స్పృహ కోల్పోవచ్చని అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా హెచ్చరిస్తుంది. అక్కడ 30 సెకన్లు చాలా పెద్ద సమయం. అందుకే ఆ అంకెను ఎలా చదవాలో, మీ దగ్గరున్న పరికరానికి అసలు సమయం ఎంతో ఎలా లెక్కగట్టాలో, చేత్తో ఎలా కొలవాలో వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: టి90 చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి

సెన్సర్ చుట్టూ ఉన్న గ్యాస్ గాఢత ఒక్కసారిగా మారిందనుకుందాం. రీడింగ్ కదలడం మొదలై చివరికి ఒక విలువ దగ్గర నిలుస్తుంది. ఆ మొత్తం మార్పులో 90 శాతం పూర్తి కావడానికి పట్టిన సమయమే టి90. సగానికి పట్టేది టి50. గ్యాస్ పోయాక రీడింగ్ పదో వంతుకు దిగడానికి పట్టే సమయాన్ని కొందరు టి10 అంటారు.

నూరు శాతానికి పట్టే సమయాన్ని ఎందుకు ఇవ్వరంటే, దాన్ని కొలవడం కుదరదు. వేడి పాలు మొదట చకచకా చల్లారి, గది వేడిమికి దగ్గరయ్యే కొద్దీ మందగించినట్టే, రీడింగ్ కూడా గమ్యానికి చేరువయ్యే కొద్దీ నెమ్మదిస్తుంది. చాలా సెన్సర్లు ఉజ్జాయింపుగా ఒకే కాల స్థిరాంకానికి లోబడి నడుస్తాయి. దాన్ని టౌ అందాం. ఒక టౌ గడిచేసరికి రీడింగ్ 63 శాతానికి, రెండు టౌలకు 86కు, మూడింటికి 95కు చేరుతుంది. టి50 అంటే 0.69 టౌ, టి90 అంటే 2.3 టౌ, 99 శాతానికి 4.6 టౌ. చివరి రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి: మొదటి 90 శాతానికి ఎంత సమయం పట్టిందో, ఆ తర్వాతి 9 శాతానికీ అంతే పడుతుంది. "ఇంకాస్త ఆగితే చాలు" అనుకునేవారు ఎంత ఆగాలో ఇక్కడే తెలుస్తుంది.

90 శాతం దేనిలో అన్నది మరో ముఖ్యమైన సంగతి. అది సెన్సర్ తన చివరి రీడింగ్‌లో 90 శాతం, గాలిలో నిజంగా ఉన్న గాఢతలో కాదు. సిలిండర్ మీద 50 పీపీఎం అని ఉండి, మీ సెన్సర్ 42 దగ్గర నిలిస్తే, 90 శాతం అంటే 45 కాదు, 37.8. కాబట్టి టి90 వేగం గురించి మాత్రమే చెబుతుంది, నిజాయితీ గురించి చెప్పదు. సున్నితత్వం తగ్గిన సెన్సర్ కూడా చక్కని టి90 చూపగలదు.

రెండో మెట్టు: అలారం మోగడానికి పట్టే సమయాన్ని లెక్కగట్టడం

కార్మికుడికి కావలసింది టి90 కాదు, అలారం మోగే సమయం. దాని సూత్రం సులభమే: గాలిలోని గాఢత నుంచి అలారం స్థాయిని తీసివేయండి. గాఢతను ఆ తేడాతో భాగించండి. వచ్చిన సంఖ్యకు సహజ లాగరిథమ్ తీసి టౌతో గుణించండి.

హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్ టి90 30 సెకన్లు, అలారం స్థాయి 10 పీపీఎం అనుకుందాం. టౌ 13 సెకన్లు. గాలిలో 100 పీపీఎం ఉంటే అలారం 1.4 సెకన్లలో మోగుతుంది. 20 ఉంటే 9 సెకన్లు. 12 ఉంటే 23. 11 ఉంటే 31 సెకన్లు. సెన్సర్ అదే, టి90 అదే, అలారం సమయంలో మాత్రం ఇరవై రెట్ల తేడా. గాఢత అలారం స్థాయిని ఎంత మించితే అలారం అంత త్వరగా వస్తుంది. కొద్దిగానే మించితే సెన్సర్ నిదానంగా సాగే చివరి భాగంలో చిక్కుకుంటుంది.

ఇక్కడి నుంచి పనికొచ్చే ఉపాయం ఒకటి దొరుకుతుంది. పై ఉదాహరణలో గాఢత 20 పీపీఎం అనుకుని, అలారం స్థాయిని 10 నుంచి 5కు దించి చూడండి. సమయం 9 సెకన్ల నుంచి 3.7కు పడిపోతుంది. సెన్సర్ మార్చకుండానే రెండింతలకు పైగా వేగం. దొంగ అలారాలు పెరగకుండా చూసుకోగలిగితే, వేగవంతమైన సెన్సర్ కోసం వెతకడానికి ముందు అలారం స్థాయిని పునరాలోచించడం మంచిదని నా అభిప్రాయం.

ఆక్సిజన్ విషయంలో లెక్కను మార్పు మీద వేయాలి. గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 16కు పడిపోయిందంటే మార్పు 4.9. అలారం 19.5 దగ్గర ఉంటే అందుకు కావలసిన మార్పు 1.4. టి90 15 సెకన్లుండే ఆక్సిజన్ సెన్సర్‌కు టౌ 6.5 సెకన్లు, కాబట్టి అలారానికి సుమారు 2.2 సెకన్లు.

ఇప్పటిదాకా గాఢత ఒక్కసారిగా మారిందనుకున్నాం. నిజమైన లీకులు చాలాసార్లు క్రమంగా పెరుగుతాయి. అప్పుడు రీడింగ్ అసలు గాఢత వెనకాలే నడుస్తుంది. కాసేపటికి ఆ వెనుకబాటు ఒక టౌ దగ్గర స్థిరపడుతుంది. గాఢత సెకనుకు 1 పీపీఎం చొప్పున పెరుగుతూ, టౌ 13 సెకన్లైతే, తెర మీద 10 కనిపించేసరికి గాలిలో సుమారు 20 ఉంటుంది. ఎగబాకుతున్న రీడింగ్‌ను చూసి "ఇంకా తక్కువే ఉంది" అని నిలబడి చూసేవాడు గతాన్ని చూస్తున్నాడన్న మాట.

లీకు ఎక్కడుందో వెతుకుతూ నడిచేవారికీ ఇదే చిక్కు. మూడు మీటర్ల వెడల్పున్న గ్యాస్ మేఘాన్ని సెకనుకు ఒక మీటరు వేగంతో దాటితే, అదే సెన్సర్ అసలు గాఢతలో అయిదో వంతు మాత్రమే చూపి మళ్ళీ దిగిపోతుంది. రీడింగ్ గరిష్ఠానికి చేరే చోటు కూడా లీకు దగ్గర కాకుండా, దాన్ని దాటిపోయాక వస్తుంది. కాబట్టి నెమ్మదిగా నడవాలి. రీడింగ్ కదిలితే ఆగాలి. వెనక్కి వచ్చి మళ్ళీ చూడాలి.

మూడో మెట్టు: మీ సెన్సర్ ఏ జాతిదో తెలుసుకోవడం

విద్యుత్ రసాయన సెన్సర్లలో గ్యాస్ ఒక పొర గుండా ఎలక్ట్రోడ్ దాకా విసరణం చెంది వెళ్ళాలి, ఆపైన రసాయన చర్య జరగాలి. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్లకు టి90 సాధారణంగా 30 సెకన్ల లోపు. ఆక్సిజన్‌కు 15 సెకన్ల ప్రాంతం. క్లోరిన్, అమ్మోనియా వంటివాటికి ఒక నిమిషం, అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ఇథిలీన్ ఆక్సైడ్ సెన్సర్లకు రెండు నిమిషాలు దాటడం కూడా ఉంది. నాలుగు గ్యాసుల పరికరమైనా ఒకే టి90 ఉండదు; అన్నిటికన్నా నిదానమైన సెన్సర్ సమయాన్నే మీ సమయంగా పెట్టుకోండి.

చలి ఈ సెన్సర్లకు పెద్ద శత్రువు. సున్నా డిగ్రీల కిందికి వెళ్ళేకొద్దీ లోపలి ద్రవంలో చర్యలు మందగిస్తాయి. డేటా షీట్ అంకె సుమారు 20 డిగ్రీల దగ్గర కొలిచినదని గుర్తుంచుకుని, చలి ప్రాంతంలో వాడే సెన్సర్‌ను చలిలోనే పరీక్షించాలి.

మండే వాయువులకు వాడే ఉత్ప్రేరక పూసల సెన్సర్లకు, అంటే పెల్లిస్టర్లకు, మీథేన్‌తో టి90 తరచూ 10–20 సెకన్ల మధ్య ఉంటుంది. అదే సెన్సర్‌కు హైడ్రోజన్‌తో తక్కువ, హెప్టేన్ వంటి బరువైన ఆవిరులతో ఎక్కువ. తేలికైన అణువులు పొరలనూ లోహపు జల్లెడలనూ త్వరగా దాటుతాయి. డేటా షీట్‌లో మీథేన్ అంకె మాత్రమే ఉండి, మీ దగ్గర లీకయ్యేది ద్రావణి ఆవిరైతే, ఆ అంకె మీకు వర్తించదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. గాఢత పేలుడు పరిమితులను దాటి పైకి పోతే పూస మండడానికి ఆక్సిజన్ చాలక రీడింగ్ గబగబా ఎక్కి మళ్ళీ దిగవచ్చు. దాన్ని చూసి గ్యాస్ తగ్గిందనుకుంటే అంతే సంగతులు. రీడింగ్ ఒక్కసారి పరిధి దాటాక, మరో పద్ధతిలో నిర్ధారించే వరకు అక్కడ గ్యాస్ ఉందనే భావించాలి.

ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌లో కాంతి వేగంగానే పనిచేస్తుంది. ఆలస్యమంతా కొలిచే గదిలోకి గ్యాస్ చేరడంలో, ఆ తర్వాత చేసే సగటులో ఉంటుంది. ఒక బిందువు దగ్గర కొలిచేవి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా తీసుకుంటాయి. గదే లేని బహిరంగ మార్గపు ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లు సాధారణంగా అయిదు సెకన్ల లోపు స్పందిస్తాయి. అతినీలలోహిత కాంతితో ఆవిరి అణువులకు విద్యుదావేశం కలిగించి కొలిచే ఫోటో అయొనైజేషన్ సెన్సర్లు, పంపుంటే, ఇంకా చురుకు. శుభ్రంగా ఉంటే మూడు నాలుగు సెకన్లు చాలు. లోహ ఆక్సైడ్ అర్ధవాహక సెన్సర్లు ఎక్కేటప్పుడు ఎలా ఉన్నా, దిగేటప్పుడు బాగా సతాయిస్తాయి.

నాలుగో మెట్టు: ఆ అంకెను ఏ పరిస్థితుల్లో కొలిచారో అడగడం

మండే వాయువుల డిటెక్టర్ల పనితీరుకు అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక ప్రమాణాల సంస్థ ఐఈసీ ఇచ్చిన 60079-29-1, విషవాయువుల పరికరాలకు ఐఈసీ 62990-1 ప్రమాణాలున్నాయి. ఎంపిక, అమరిక, నిర్వహణకు ఐఈసీ 60079-29-2 మార్గదర్శకంగా ఉంటుంది. పరికరం ప్రమాణానికి లోబడి ఉందంటే పరీక్ష పద్ధతి స్పష్టంగా ఉన్నట్టు. లేకపోతే తయారీదారును మూడు ప్రశ్నలు అడగండి.

ఆ అంకె విడి సెన్సర్‌దా, మొత్తం పరికరానిదా? చాలా డేటా షీట్లలో ఉండేది విడి సెన్సర్ అంకె. దాని ముందు వాన తొడుగు, దుమ్ము వడపోత, మంట నిరోధక జల్లెడ చేరితే సమయం పెరుగుతుంది.

గ్యాస్‌ను ఎలా పంపారు? క్యాలిబ్రేషన్ (తెలిసిన గాఢత గల గ్యాస్‌తో రీడింగ్‌ను సరిదిద్దడం) కోసం సెన్సర్‌కు తగిలించే కప్పులోంచి నిమిషానికి అర లీటరు చొప్పున పంపితే గ్యాస్ సెన్సర్ ముఖానికి తగులుతూనే ఉంటుంది. నిశ్చలమైన గదిలో గ్యాస్ తనంతట తాను విసరణం చెంది లోపలికి రావాలి. రెండో సమయం ఎప్పుడూ ఎక్కువే. ప్రవాహాన్ని ఇంకా పెంచితే అంకె ఇంకా అందంగా కనిపిస్తుంది, అంతకు మించి ఏమీ జరగదు.

ఏ గ్యాస్, ఏ ఉష్ణోగ్రత, ఏ గాఢత? దీనికి జవాబు రాకపోతే ఆ అంకెను ప్రకటనగానే తీసుకోండి.

అయిదో మెట్టు: గొట్టంలో పోయే సమయం

పంపుతో గాలిని లాగి కొలిచే వ్యవస్థల్లో అసలు ఆలస్యం చాలాసార్లు సెన్సర్‌ది కాదు, గొట్టానిది. లెక్క చాలా సులువు: గొట్టం లోపలి ఘనపరిమాణాన్ని పంపు ప్రవాహంతో భాగించడమే. లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లైతే ప్రతి మీటరులో 12.6 మిల్లీలీటర్ల గాలి పడుతుంది. 30 మీటర్లకు 377 మిల్లీలీటర్లు. పంపు నిమిషానికి 500 మిల్లీలీటర్లు లాగితే 45 సెకన్లు. ఆ 45 సెకన్ల పాటు సెన్సర్‌కు గ్యాస్ సంగతే తెలియదు. వ్యాసాన్ని 6 మిల్లీమీటర్లకు పెంచితే అదే పొడవుకు 102 సెకన్లు. 3కు తగ్గిస్తే 25. వ్యాసం రెట్టింపైతే సమయం నాలుగింతలు. మరీ సన్నని గొట్టంలో పంపు మీద భారం పెరిగి ప్రవాహం పడిపోతుంది కాబట్టి, గొట్టం తగిలించాక అసలు ప్రవాహం ఎంతుందో ఫ్లో మీటర్‌తో చూడాలి. పంపు మీద రాసిన అంకెతో లెక్క వేయకూడదు.

వడపోతలు, నీటిని పట్టే సీసాలు మరో రకంగా ఆలస్యం చేస్తాయి. గొట్టంలో గాలి వరసగా కదులుతుంది. సీసాలో పాత గాలి, కొత్త గాలి కలిసిపోతాయి. 100 మిల్లీలీటర్ల సీసా గుండా నిమిషానికి 500 మిల్లీలీటర్లు పోతుంటే, అది 12 సెకన్ల టౌ ఉన్న మరో సెన్సర్‌లా ప్రవర్తిస్తుంది, అంటే దాని టి90 ఒక్కటే 28 సెకన్లు. ఎంత చిన్న వడపోత సరిపోతే అంత చిన్నదే పెట్టండి.

ఇలాంటి దశలను కలిపేటప్పుడు గొట్టపు ఆలస్యాన్ని నేరుగా కూడాలి. సీసా, సెన్సర్ వంటి సొంత టౌ ఉన్న దశల టి90లను కూడితే అసలు కన్నా ఎక్కువ వస్తుంది: సమానమైన రెండు దశలు వరసగా ఉంటే మొత్తం టి90 3.9 టౌలు, విడివిడిగా కూడితే 4.6. ఆ తేడా భద్రత వైపే ఉంది కాబట్టి, కొలిచే వీలు లేనప్పుడు కూడేయండి.

క్లోరిన్, అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వంటి అంటుకునే వాయువులకు ఈ లెక్కలేవీ చాలవు. అవి గొట్టం గోడలకు అతుక్కుంటాయి, తడి ఉంటే అందులో కరుగుతాయి. గోడలు తృప్తి చెందే దాకా సెన్సర్‌కు కొంతే చేరుతుంది. వీటికి టెఫ్లాన్ వంటి గొట్టం, వీలైనంత పొట్టిగా, పొడిగా ఉండాలి. అంతకన్నా మేలు, గొట్టమే లేకుండా సెన్సర్‌ను అక్కడే పెట్టడం.

ట్యాంకులు, మ్యాన్‌హోళ్ళ వంటి ఇరుకు ప్రదేశాల్లోకి దిగే ముందు నమూనా తీసేవారికి దీని మీద ప్రత్యేక సూచన ఉంది. ఇరుకు ప్రదేశాలపై ఓషా నియమం 1910.146కు ఉన్న బి అనుబంధం ప్రకారం, ప్రతి కొలతకూ తయారీదారు చెప్పిన కనీస స్పందన కాలం దాకా ఆగాలి; పొరలుగా గ్యాస్ ఉండే అవకాశం ఉన్న చోట ప్రయాణించే దిశలోనూ పక్కలకూ సుమారు 1.2 మీటర్ల దూరం పరీక్షించాలి. నేనైతే ప్రతి లోతు దగ్గరా గొట్టపు ఆలస్యానికి రెండు టి90లు కలిపి ఆగమంటాను. గొట్టానికి 10 సెకన్లు, అన్నిటికన్నా నిదానమైన సెన్సర్‌కు 30 సెకన్ల టి90 ఉంటే 70 సెకన్లు. గొట్టాన్ని ఆపకుండా కిందికి వదులుతూ "ఏమీ లేదు" అనడం పరీక్ష కాదు.

ఆరో మెట్టు: ఎలక్ట్రానిక్స్‌ను మరచిపోవద్దు

సెన్సర్ చెప్పాక కూడా మాట కంట్రోలర్ దాకా చేరాలి. రీడింగ్ వణకకుండా ఉండేందుకు పెట్టే 10 సెకన్ల సగటు ఒక్కటే 9 సెకన్ల టి90కి సమానం. 4–20 మిల్లీ ఆంపియర్ల తీగ తక్షణం చెబుతుంది. ఒకే తీగ మీద పదుల కొద్దీ డిటెక్టర్లను వంతులవారీగా పలకరించే మోడ్‌బస్ అనే డిజిటల్ సమాచార వ్యవస్థలో మీ వంతు రావడానికి కొన్ని సెకన్లు పట్టవచ్చు. దొంగ అలారాలు భరించలేక ఎవరో ఎప్పుడో పెట్టిన 15 సెకన్ల అలారం ఆలస్యం ఏ కాగితంలోనూ కనిపించదు. కంట్రోలర్ సెట్టింగులు తెరిచి చూడండి. మూడింటిలో రెండు డిటెక్టర్లు ఒప్పుకుంటేనే ప్లాంట్ ఆగే ఏర్పాటు ఉంటే, మీ సమయాన్ని నిర్ణయించేది రెండో వేగవంతమైన డిటెక్టర్.

ఏడో మెట్టు: స్వయంగా కొలవడం

ముందు సంబంధిత అనుమతి తీసుకుని, కంట్రోల్ రూముకు చెప్పి, ఆ డిటెక్టర్ వల్ల వాల్వులు మూసుకోకుండా, మంటలార్పే వ్యవస్థ పనిచేయకుండా ఆపించండి. పని ముగిశాక తిరిగి కలిపినట్టు సంతకం తీసుకునే ఏర్పాటు ఇప్పుడే చేయండి. తర్వాత అందరూ మరచిపోయేది అదే.

గడువు తీరని సిలిండర్ కావాలి. గాఢత అలారం స్థాయికి రెండింతలకు పైగా, పరిధికి సగం దగ్గర ఉంటే మంచిది. మీథేన్‌తో చేస్తుంటే ఒక జాగ్రత్త: కనిష్ఠ పేలుడు పరిమితిని (ఎల్‌ఈఎల్) కొన్ని ప్రమాణాలు 5 శాతంగా, ఐఈసీ 4.4 శాతంగా తీసుకుంటాయి. 2.5 శాతం మీథేన్ ఒక లెక్కలో 50 శాతం ఎల్‌ఈఎల్, మరో లెక్కలో 57. పరికరం ఏ లెక్కలో అమర్చి ఉందో ముందే చూసుకోండి.

ఇక క్రమం ఇది:

1. శుభ్రమైన గాలిలో రీడింగ్ స్థిరపడే దాకా ఆగి, ఆరంభ విలువ రాయండి.
2. రెగ్యులేటర్ ప్రవాహాన్ని తయారీదారు చెప్పిన విలువ దగ్గర పెట్టి, గొట్టంలో గ్యాస్‌ను ముందే నింపుకోండి. కప్పును మాత్రం ఇంకా తగిలించవద్దు. కారణం సులువు: గొట్టంలోని పాత గాలి పోయే సమయం సెన్సర్ ఖాతాలో పడకూడదు.
3. కప్పు తగిలించిన క్షణమే గడియారం మొదలు. తెర మీద అంకె కదిలినప్పుడు కాదు.
4. సెకనుకోసారి రీడింగ్ నమోదు చేయండి. డేటా నమోదు సౌకర్యం లేకపోతే తెరనూ స్టాప్‌వాచ్‌నూ ఒకే దృశ్యంలో ఫోనుతో వీడియో తీయడం చాలు. ప్రమాదకర ప్రాంతంలో మాత్రం అక్కడ అనుమతించిన పరికరమే వాడాలి, మామూలు ఫోను పనికిరాదు.
5. డేటా షీట్ టి90కి కనీసం రెండింతలు, వీలైతే మూడింతల సేపు గ్యాస్ పంపండి. చివరి విలువ తెలియకుండా 90 శాతం తెలియదు.
6. ఆరంభ విలువకూ చివరి విలువకూ మధ్య తేడాలో 10, 50, 90 శాతాలు ఏ సెకను దగ్గర దాటాయో గుర్తించండి. అలారం మోగిన సెకనును విడిగా రాయండి.
7. కప్పు తీసి, దిగే సమయాన్నీ అలాగే కొలవండి.
8. కుదిరితే ఇదంతా వాన తొడుగు, వడపోతలు ఉన్నప్పుడు ఒకసారి, తీసి మరోసారి చేయండి.

పంపున్న వ్యవస్థకు గ్యాస్‌ను పరికరం ముఖం దగ్గర కాక గొట్టం కొస దగ్గర ఇవ్వాలి. అదనపు గ్యాస్ బయటకు పోయేలా టీ ముక్క పెట్టండి, లేకపోతే సిలిండర్ ఒత్తిడే పంపు పని చేసి పెట్టి, లేని వేగాన్ని చూపిస్తుంది.

ఎనిమిదో మెట్టు: వక్రరేఖను చదవడం

వచ్చిన అంకెల్లో టి90ని టి50తో భాగించి చూడండి. శుభ్రమైన, ఒకే టౌ ఉన్న సెన్సర్‌కు ఇది 3.3 దగ్గర ఉంటుంది. దానికన్నా బాగా ఎక్కువ వస్తే మొదటి భాగం చురుగ్గానే ఉండి చివర సాగుతోందన్న మాట: గ్యాస్ గోడలకు అతుక్కోవడమో, కప్పు సరిగా అతకక గాలి కలవడమో, సెన్సర్ వయసు మీరడమో కారణం. బాగా తక్కువ వస్తే రీడింగ్ కదలడానికి ముందే ఎక్కువ సమయం పోతోంది; గొట్టంలోనో, ఎలక్ట్రానిక్స్‌లోనో చూడాలి.

తొడుగు తీస్తే టి90 సగమైందా? సెన్సర్‌ను తిట్టకండి, జల్లెడ శుభ్రం చేయండి, వడపోత మార్చండి. దుమ్ము, నూనె, రంగు, నీటి పొర గ్యాస్‌ను ఆపేయకుండా ఆలస్యం మాత్రమే చేయగలవు. చివరి రీడింగ్ సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఇది క్యాలిబ్రేషన్‌లో దొరకదు. నా దృష్టిలో నిర్వహణలో అతి పెద్ద గుడ్డిమచ్చ ఇదే. తొడుగు లేకుండా కూడా నిదానంగానే ఉంటే సెన్సర్‌ను మార్చాలి. క్యాలిబ్రేషన్ చివరి విలువను సరిదిద్దుతుంది, వేగాన్ని తిరిగి తేలేదు.

క్యాలిబ్రేషన్‌లో తొందరపడితే మరో చిక్కు. అమ్మోనియా సెన్సర్‌ను సరిగ్గా టి90 దగ్గర "సరే" నొక్కి స్థిరం చేస్తే, 90 శాతాన్ని నూరు శాతమని నమ్మించినట్టు. ఆ తర్వాత అది ప్రతి రీడింగ్‌నూ 11 శాతం ఎక్కువగా చూపిస్తుంది. 80 శాతం దగ్గర నొక్కితే 25 శాతం.

కాస్త గ్యాస్ పంపి అలారం మోగుతుందో లేదో చూసే బంప్ టెస్ట్ కూడా నిదానపు సెన్సర్‌ను దాచిపెట్టగలదు. అలారం 10, బంప్ గ్యాస్ 25 పీపీఎం అనుకోండి. టి90 30 సెకన్లున్న సెన్సర్ 6.6 సెకన్లలో అలారం ఇస్తుంది. అది పాడై టి90 90 సెకన్లకు చేరినా 20 సెకన్లలో ఇస్తుంది. "30 సెకన్లలో మోగితే పాస్" అని పెట్టుకున్న చోట రెండూ పాసే. కాబట్టి పాస్, ఫెయిల్ అని కాకుండా అలారం ఎన్ని సెకన్లకు మోగిందో రాసి పెట్టండి. కొత్తగా అమర్చిన రోజు సమయం మీ ప్రామాణికం. అదే గ్యాస్‌తో, అదే ప్రవాహంతో అది రెట్టింపు దగ్గరకు వస్తుంటే కారణం వెతకండి.

తొమ్మిదో మెట్టు: మొత్తం సమయపు బడ్జెట్

ఒక కాగితం మీద లీకు నుంచి రక్షణ చర్య పూర్తయ్యే దాకా ప్రతి దశనూ రాయండి. ఊహా ఉదాహరణ: లీకు దగ్గరి నుంచి 10 మీటర్ల దూరంలో డిటెక్టర్, గాలి వేగం సెకనుకు అర మీటరు, కాబట్టి గ్యాస్ చేరడానికే 20 సెకన్లు. సెన్సర్ అలారం స్థాయికి చేరడానికి 9. సగటుకు 5. కంట్రోలర్ వంతుకు 2. అలారం ఆలస్యం 5. వాల్వు మూసుకోవడానికి 10. మొత్తం 51 సెకన్లు. ఇందులో సెన్సర్ వాటా అయిదో వంతు కూడా లేదు. రెండింతల వేగమున్న సెన్సర్ పెడితే ఆదా అయ్యేది 4.5 సెకన్లు, డిటెక్టర్‌ను లీకుకు సగం దూరానికి జరిపితే 10, అవసరం లేని అలారం ఆలస్యాన్ని తీసేస్తే 5, అదీ పైసా ఖర్చు లేకుండా. ముందుగా ఎక్కడ చేయి పెట్టాలో ఈ కాగితమే చెబుతుంది.

వేగం ఉచితంగా రాదని కూడా గుర్తుంచుకోండి. సగటు కాలాన్ని మరీ కుదిస్తే రేడియో తరంగాల అలజడికి, క్షణకాలపు ఆవిరికి అలారం మోగుతుంది. రెండు వారాలు అలా మోగితే ఎవరో ఒకరు దాన్ని ఆపేస్తారు. కొన్ని పరికరాలు రీడింగ్ ఎక్కే వేగాన్ని బట్టి చివరి విలువను ముందే ఊహించి చూపుతాయి. అవి ఒక్కోసారి అసలు గాఢతను మించి పోయి వెనక్కి వస్తాయి. అలాంటి పరికరాన్ని కొలిచినప్పుడు శిఖరాన్ని చివరి విలువగా తీసుకోవద్దు.

దిగే సమయం

గ్యాస్ పోయిందని నిర్ణయించేది దిగే సమయం, అది ఎక్కే సమయం కన్నా చాలాసార్లు ఎక్కువే. వడపోతలో, గొట్టం గోడల్లో చిక్కుకున్న గ్యాస్ నెమ్మదిగా వదులుతూ ఉంటుంది. పెద్ద మోతాదు తగిలాక విద్యుత్ రసాయన సెన్సర్ సున్నాకు రావడానికి చాలా నిమిషాలు తీసుకోవచ్చు; ఆ మధ్యలో చిన్న లీకు వస్తే దాన్ని వేరుగా గుర్తించలేదు. తిరిగి లోపలికి అనుమతించే ముందు శుభ్రమైన గాలిలో ఉంచిన రెండో పరికరంతో పోల్చండి. మొదటి పరికరం శుభ్రమైన గాలిలోకి తెచ్చినా దిగకపోతే, రీడింగ్‌ను బలవంతంగా సున్నా చేయవద్దు. అలా చేస్తే సెన్సర్‌లో మిగిలిన గ్యాస్ పోయాక రీడింగ్ సున్నా కన్నా కిందికి జారుతుంది, తర్వాతి అలారం ఆ లోటు పూడ్చాకే మోగుతుంది. వడపోత మార్చి, పంపును శుభ్రమైన గాలితో నడిపి, స్థిరపడ్డాకే సున్నా సరిచేసి, బంప్ గ్యాస్‌తో అలారం సమయాన్ని మళ్ళీ రాసుకుని పనిలోకి పంపండి.